పొద్దున్నే పెట్రోల్ కొట్టిస్తే ఎక్కువ వస్తాదా? కడప ఎండలకి లెక్కేసి చెప్తా

తమ్ముడు అడిగింది ఏందంటే, ప్రొద్దుటూరు నుంచి కడపకి రోజూ బండి మీద పోయొస్తాడంట, వాళ్ళ మామేమో పొద్దున ఆరు లోపలే కొట్టించుకో, మధ్యాహ్నం ఎండకి పెట్రోల్ ఉబ్బి ఉంటాది, లీటరు కొట్టిస్తే లీటరు సరుకు రాదు అంటాడంట, వాట్సాప్‌లో కూడా అదే మెసేజ్ తిరుగుతాంది, నిజమేనా అని. దాంతోపాటే ఎండాకాలం ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలిపోతాదంటున్నారు అది నిజమా అని, మామ తోటలో పెట్టుకునే డీజిల్ డ్రమ్ము సంగతి ఏందని. మూడిటికీ చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటాది, ఓపిగ్గా చదువు.

నేను ఈ జిల్లాలో బంకుల్లో మిషన్ల సర్వీసు, కాలిబ్రేషన్ (మీటరు కొలత సరిచేసే) పనిలో చానా ఏండ్లుగా ఉన్నా. అందుకే ముందే చెప్తున్నా, మీ మామ చెప్పిన దాంట్లో సైన్సు నూటికి నూరుపాళ్ళు కరెక్టే, కానీ దాన్నుంచి తీసుకున్న సలహా మాత్రం పనికిరాదు. ఎందుకనేది తెలిస్తే నిద్ర చెడగొట్టుకునే పని లేదు, దానికి బదులు బంకు కాడ ఏం అడగాల్నో అది అడుగుతావు.

ముందు సైన్సు. పెట్రోల్ వేడెక్కితే ఉబ్బుతాది, ఒక్క డిగ్రీ పెరిగితే సుమారు 0.12 శాతం, అంటే లీటరుకి 1.2 మిల్లీ. డీజిల్ కొంచెం తక్కువ, డిగ్రీకి 0.08 శాతం దాకా. నీళ్ళకంటే ఇది చానా ఎక్కువ. ఇంజన్‌కి కావాల్సింది లీటర్లు కాదు, బరువు, ఎందుకంటే కాలినప్పుడు వచ్చే శక్తి కిలోల లెక్కన వస్తాది గానీ లీటర్ల లెక్కన కాదు. మనం మాత్రం లీటర్ల లెక్కన డబ్బు కడతాం. కాబట్టి వేడి పెట్రోల్ లీటరులో సరుకు కొంచెం తక్కువ, చల్లటి పెట్రోల్ లీటరులో కొంచెం ఎక్కువ, ఇందులో ఎవురూ కాదనేది లేదు. వంట గ్యాస్ సిలిండర్ 14.2 కిలోలు అని, సీఎన్‌జీ కిలోల్లోనే అమ్ముతారు చూడు, ఆడ ఈ గొడవే రాదు.

ఇంక అసలు సంగతి. బయట ఎండ 43 డిగ్రీలు ఉందని పెట్రోల్ కూడా 43 ఉంటాదని అనుకుంటారు చానామంది. పెట్రోల్ ఉండేది ఎండలో కాదప్పా, భూమి లోపల ట్యాంకులో. ట్యాంకు పైభాగమే మట్టి కింద మీటరు చుట్టుపక్కల ఉంటాది, దాని కిందికి మనిషి ఎత్తు కంటే ఎక్కువ లోతు. పగలు ఎండ, రాత్రి చల్లదనం, ఈ తేడా మట్టిలోకి దిగేది జానెడు, మూరెడు అంతే, అర మీటరు దాటితే పొద్దున్నా మధ్యాహ్నమూ ఒకటే వేడి. మన ఊర్లల్లో పాత దిగుడు బావిలో నీళ్ళు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటాయి కదా, అదే లెక్క. ఇంకోటి, ఆ ట్యాంకులో పది వేల లీటర్లు ఉన్నాయనుకో, బరువు ఏడు టన్నుల పైమాటే, అంత సరుకుని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే నాలుగున్నర యూనిట్ల కరెంటు అంత వేడి లోపలికి పోవాల, చుట్టూ మట్టి ఉన్నప్పుడు అది ఒక మధ్యాహ్నంలో జరిగే పని కాదు.

కాబట్టి పొద్దున ఆరుకి, మధ్యాహ్నం రెండుకి ట్యాంకులో తేడా ఎంత ఉంటాదంటే అర డిగ్రీ కూడా కష్టమే. సరే అర డిగ్రీ అనే వేసుకుందాం, నువ్వు పది లీటర్లు కొట్టించినావు, 0.06 శాతం తేడా అంటే 6 మిల్లీ. లీటరు 110 రూపాయలని వేసుకుంటే 66 పైసలు. దీనికోసం పొద్దున్నే బంకు కాడికి అని పక్కదోవలో ఇంకో కిలోమీటరు తిరిగినావంటే అంతకంటే ఎక్కువే కాలిపోతాది.

మరి పైపు ఎండలో వేలాడతా ఉంటాది కదా, అందులో ఉండేది వేడెక్కదా అని తెలివైనోళ్ళు అడుగుతారు, మంచి ప్రశ్నే. వేడెక్కుతాది. బంకు మిషన్ పైపులో, మిషన్ లోపల నిలబడి ఉండే పెట్రోల్ సుమారు అర లీటరు నుంచి లీటరు లోపల ఉంటాది. ఎండలో చానాసేపు ఎవురూ రాకుండా ఉండి నువ్వే మొదట పోయినావనుకో, ఆ అర లీటరు పది డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నా నీకు పోయేది 6 మిల్లీ. నీ ముందు ఒక కారు కొట్టించుకొని పోయుంటే అది కూడా లేదు. చలికాలం పొద్దున్నే మొదట పోయినోనికి అదే 6 మిల్లీ లాభం.

ఇంక తేడా నిజంగా ఉండేది యాడంటే కాలానికీ కాలానికీ మధ్య, బంకుకీ బంకుకీ మధ్య. భూమి వేడి రోజుతో మారదు గానీ నెలలతో మారుతాది, అదీ ఆలస్యంగా. పైన ఎండ మేలో ఎక్కువుంటే ఆ లోతులో వేడి ఎక్కువయ్యేది దాని తర్వాత కొన్ని వారాలకి. ఇంకో సంగతి, హైవే మీద బాగా అమ్ముడుపోయే బంకులో ట్యాంకరు దిగిన సరుకు రెండు మూడు రోజుల్లో ఖాళీ అయిపోతాది, మట్టి దాన్ని చల్లబరిచే లోపలే అమ్ముడుపోతాది, అంటే ఆ ట్యాంకు వేడి ట్యాంకరులో వచ్చిన సరుకు వేడిని పట్టి ఉంటాది. పల్లెల్లో నిదానంగా అమ్ముడుపోయే బంకులో సరుకు మట్టి వేడికి దగ్గరికి వచ్చేస్తాది. చలికాలంలో 25, ఎండాకాలంలో 35 అనుకుంటే పది డిగ్రీలు, అంటే 1.2 శాతం. లీటరుకి 60 ఇచ్చే బండికి 700 మీటర్లు తగ్గినట్టు. ఇది నిజమైన తేడా, నేను కాదనను. కానీ దీన్ని పొద్దున లేసి తప్పించుకోలేవు, ఎందుకంటే మే నెలలో ఆ బంకులో పొద్దునా 35 ఏ, రాత్రీ 35 ఏ.

దీన్ని సరిచేసే పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. కెనడాలో 1990ల నుంచి బంకు మిషన్లలోనే వేడిని చూసి 15 డిగ్రీల లెక్కకి మార్చి అమ్మే పరికరాలు వచ్చినాయి. చలి దేశం కాబట్టి లెక్క మార్చకపోతే ఎక్కువ సరుకు పోయేది అమ్మేవాళ్ళకే, అందుకే అంత త్వరగా వచ్చినాయని నా అభిప్రాయం. అమెరికాలో అట్ల కాదు, బంకుల్లో ఎట్లుంటే అట్లే కొలుస్తారు, వేడి రాష్ట్రాల్లో కొనేవాళ్ళు 2006, 2007 చుట్టుపక్కల కంపెనీల మీద కేసులు వేసినారు, ఆ కేసులన్నీ కాన్సస్ కోర్టులో ఒకటిగా చేరి చానా ఏండ్లు నడిచినాయి. మన దేశంలో కూడా బంకులో వేడి లెక్క మార్చరు, లీటరంటే ఆ క్షణాన ఎంత వేడిలో ఉందో ఆ లీటరే.

ఈ వేడి లెక్క ఎక్కువ తగిలేది మనకంటే బంకు ఓనరుకి. 12 వేల లీటర్ల పెట్రోల్ ట్యాంకరు 38 డిగ్రీల్లో లోడ్ అయి వచ్చింది, కింద ట్యాంకులో 32 డిగ్రీలకి చేరిందనుకో, ఆరు డిగ్రీలకి 0.72 శాతం, అంటే 86 లీటర్లు కనపడకుండా పోతాయి. యాడికీ కారలేదు, ఎవురూ దొంగిలించలేదు, ముడుచుకుంది అంతే. మన రేటుకి తొమ్మిది వేల పైన. అందుకే ట్యాంకరు వచ్చినప్పుడు డిప్ రాడ్ (లోతు కొలిచే కడ్డీ) వేసి ప్రూఫ్ లెవెల్ (సరుకు ఎంత ఎత్తు ఉండాల్నో ఆ గుర్తు) చూసేది, థర్మామీటరు పెట్టేది, డెన్సిటీ (లీటరు బరువు) చూసి ఇన్‌వాయిస్‌తో సరిపోల్చేది. వేడి సంగతి తెలీక స్టాకు తగ్గిందని క్యాషియర్‌ని, పంపు కొట్టే పిల్లోళ్ళని అనుమానించే ఓనర్లు కూడా ఉన్నారు, అది నాకు చానా బాధ. నెలకి వచ్చేదే కొంచెం జీతం, అందులో కోతేస్తే ఆ పిల్లోడు ఏం చేస్తాడు. ఓనర్లు ఎవురైనా ఇది చదువుతుంటే ముందు డిప్ తీసుకున్నప్పటి టెంపరేచర్లు రాసిపెట్టుకోండి, లెక్క దాంతోనే తేలిపోతాది.

ఇప్పుడు నువ్వు బంకులో నిజంగా చూడాల్సింది రెండు, ఒకటి డెన్సిటీ, రెండోది అయిదు లీటర్ల కొలత.

డెన్సిటీ అంటే లీటరు ఎంత బరువుందో చెప్పే లెక్క. వేడిని బట్టి మారుతాది కాబట్టి అందరూ 15 డిగ్రీల దగ్గరికి మార్చి చెప్పుకుంటారు. పెట్రోల్‌కి ఘనపు మీటరుకి, అంటే వెయ్యి లీటర్లకి, 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలని రూలు. బంకులో రోజూ పొద్దున అమ్మకాలు మొదలయ్యే ముందు హైడ్రోమీటరుతో (డెన్సిటీ చూపే, తేలే గాజు గొట్టం) చూసి రిజిస్టర్‌లో రాయాల, బోర్డు మీదో మిషన్ మీదో కనపడేటట్టు పెట్టాల, చానా బంకుల్లో బిల్లు మీద కూడా పడతాది. నువ్వు అడిగితే నీ ముందే చూపియ్యాల. 500 మిల్లీ జాడీలో పెట్రోల్ పోసి, హైడ్రోమీటరు తేలనిచ్చి, థర్మామీటరు పెట్టి, రెండూ చూసుకొని చార్టులో 15 డిగ్రీల దగ్గర ఎంతో చూస్తారు. ఉదాహరణకి 36 డిగ్రీల్లో 726 వచ్చిందనుకో, కంగారు పడకు, చార్టులో చూస్తే 745 దగ్గర వస్తాది, అది మంచి పెట్రోలే. చానామంది ఈడే గొడవ పడతారు, జాడీలో 726 చూసి బోర్డు మీద 745 ఉందే, కల్తీ చేసినారు అని. కల్తీ కాదు, వేడి. చార్టు చూడకుండా ఏదీ అనొద్దు. చార్టు చూసినాక కూడా ట్యాంకరు ఇన్‌వాయిస్ డెన్సిటీకీ దీనికీ 3 కిలోలకి మించి తేడా ఉంటే అప్పుడు అడగాల్సిందే, అది వాళ్ళకి కూడా రూలే.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, ఎవురూ చెప్పరు. ఒక లోడ్ 735 తో రావొచ్చు, ఇంకో లోడ్ 750 తో రావొచ్చు, రెండూ రూలు లోపలే. కానీ రెండిటికీ బరువులో 2 శాతం తేడా. అంటే నువ్వు పొద్దున లేసి మిగిలించుకున్న 6 మిల్లీ కంటే ఆ రోజు ఏ లోడ్ వచ్చిందనేదే ముప్పై రెట్లు పెద్ద తేడా.

అయిదు లీటర్ల కొలత సంగతి. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల జాడీ ఉండాల. అనుమానం వస్తే కొలిచి చూపియ్యమని అడుగు, డబ్బు కట్టే పని లేదు, కొలిచింది మళ్ళీ ట్యాంకులోకే పోస్తారు. అయిదు లీటర్లకి 25 మిల్లీ అటూ ఇటూ దాకా అనుమతి, అంటే అర శాతం. ఈడ ఒకటి గమనించు, ఎండిపోయిన జాడీలో నేరుగా కొలిస్తే లోపల గోడలకి అంటుకునే పెట్రోల్ వల్ల కొంచెం తక్కువ చూపిస్తాది, అందుకని ముందు ఒకసారి నింపి వంపేసి, చుక్కలన్నీ కారిపోయేదాకా అర నిమిషం ఆగి, అప్పుడు కొలవాల. జాడీ చదునుగా ఉండే చోట పెట్టాల. వాళ్ళు అట్ల చేయకపోతే నువ్వే మెల్లగా చెప్పు, గొడవ పెట్టుకోకుండా. జాడీ లేదు, తాళం లేదు, మేనేజరు లేడు అని తిప్పుతా ఉంటే తూనికలు కొలతల శాఖకి చెప్పు, లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యి.

ఎందుకు దీని గురించి ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మోసం జరిగేది ఉంటే జరిగేది ఈడే, ఎండలో కాదు. 2017 లో లక్నోలో మిషన్లలో చిప్పులు పెట్టి తక్కువ కొట్టే బంకుల్ని ఆ రాష్ట్రం పోలీసులు పట్టుకున్నారు. 2020 లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా తెలంగాణలోనూ మన ఆంధ్రలోనూ బంకుల్లో చిప్పులు పెట్టింది. అట్లాంటి చిప్పు ముందు ఈ వేడి తేడా ఏపాటిది. జనమేమో వాట్సాప్ చూసి పొద్దున్నే క్యూలో నిలబడతారు, అదే క్యూలో మీటరు సున్నా దగ్గర మొదలైందా లేదా అని చూడరు. నా పని మీటర్లు సరిచేసేదే కాబట్టి నాకు ఇది మనసుకి తగులుతాది. నీ కష్టం డబ్బు, కొలత అడిగేది నీ హక్కు, దానికి సిగ్గు పడొద్దు. మోసపోకుండా ఉండాలంటే 100, 500 కాదు, 110 రూపాయలకి కొట్టించు, 515 కి కొట్టించు అని నంబర్లు చెప్తారే, అదేమీ అక్కర్లేదు, కొలత కరెక్టుగా ఉంటే ఏ నంబరుకైనా కరెక్టే వస్తాది.

మైలేజీ తగ్గిందని ఎండని అనుమానించే ముందు ఇంకోటి కూడా చూసుకో. ఇప్పుడు మనకొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తాంది. ఇథనాల్ లీటరులో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, లెక్కేస్తే మొత్తం మీద లీటరుకి 6, 7 శాతం దాకా శక్తి తగ్గుతాది. దాన్ని బండి ఎంత తట్టుకుంటాదనేది ఇంజన్‌ని బట్టి ఉంటాది, పాత బండికి ఎక్కువ తెలుస్తాది. టైర్లలో గాలి తక్కువున్నా, చైను ఎండిపోయున్నా కూడా మైలేజీ తగ్గుతాది. ఇవన్నీ చూసుకున్నాక కూడా మిగిలితే అప్పుడు పెట్రోల్ వేడి గురించి ఆలోచిద్దాం.

ఫుల్ ట్యాంక్ పేలుతాదా అంటే, పేలదు. కంపెనీ వార్నింగ్ అని తిరిగే మెసేజ్‌ని ఇండియన్ ఆయిల్ వాళ్ళే తప్పని చెప్పినారు, బండి కంపెనీ చెప్పినంత వరకు ఏ కాలంలోనైనా కొట్టించొచ్చు అని. కానీ కంపెనీ చెప్పినంత అనేది మర్చిపోవద్దు. నాజిల్ టక్కుమని ఆగినాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకొంచెం, ఇంకొంచెం అని మూత దాకా నింపించుకుంటారు చూడు, అది తప్పు. 12 లీటర్ల ట్యాంకు 30 డిగ్రీల పెట్రోల్‌తో మూత దాకా నింపి ఎండలో నిలబెట్టినావనుకో, ఇనుప ట్యాంకు సులభంగా 50 కి పోతాది, ఇరవై డిగ్రీలకి 288 మిల్లీ ఉబ్బుతాది, దానికి లోపల చోటు లేదు. మూత పక్కనుంచి కారుతాది, లేదంటే ఆవిరి పట్టుకునే క్యానిస్టర్‌లోకి పెట్రోలే పోయి అది చెడిపోతాది, ఇంజన్ మిస్సింగ్ వస్తాది, మెకానిక్ కాడ డబ్బు పోతాది. కారిన పెట్రోల్ వేడి సైలెన్సర్ పక్కన ఉండేది అసలు ప్రమాదం. నాజిల్ ఆగిందంటే చాలు అను, బండి నీడలో పెట్టుకో. ట్యాంకరు దిగేటప్పుడు ఆ ట్యాంకు నుంచి అమ్మకూడదు, ఒకవేళ అమ్ముతున్నా నువ్వు కొట్టించుకోవద్దు, అది వేడి గురించి కాదు, అడుగున ఉండే మురికి, నీళ్ళు కదులుతాయి, పైగా ఆ టైములో ఆవిరి ఎక్కువుంటాది కాబట్టి ఆడ నిలబడేదే మంచిది కాదు.

ఇంక మీ మామ డ్రమ్ము. మొత్తం మీద వేడి లెక్క నిజంగా పట్టించుకోవాల్సింది ఈయనే, ఎందుకంటే ఆ డీజిల్ భూమి లోపల లేదు, తోటలో ఎండలో ఉంది. 200 లీటర్ల డ్రమ్ము 28 డిగ్రీల డీజిల్‌తో నిండా నింపి మూత బిగిస్తే, ఎండకి 50 డిగ్రీలకి పోయిందంటే 22 డిగ్రీలకి దాదాపు మూడున్నర లీటర్లు ఉబ్బుతాది. డ్రమ్ము ఉబ్బిపోతాది, మూత వాషర్ పక్కనుంచి కారుతాది, రాత్రి చల్లబడినప్పుడు లోపలికి గాలి పీల్చుకొని దాంతోపాటు పైన మూత మీద నిలబడిన వాన నీళ్ళు, మంచు నీళ్ళు కూడా లోపలికి లాక్కుంటాది. ట్రాక్టర్ ఫిల్టర్లో నీళ్ళు వస్తున్నాయని బంకు వాళ్ళని తిట్టేవాళ్ళు ముందు డ్రమ్ము చూసుకోవాల. పైన జానెడు ఖాళీ వదిలి నింపమను, చింతచెట్టు నీడలోనో షెడ్డులోనో పెట్టమను, పొయ్యికి, మోటరు స్టార్టరుకి దూరంగా. డ్రమ్ముని నిలబెట్టకుండా కొంచెం వాల్చి, మూతలు రెండూ నీళ్ళు నిలబడని వైపు వచ్చేటట్టు పెడితే ఇంకా మంచిది. వాడేటప్పుడు అడుగుదాకా పైపు పెట్టి లాగొద్దు, అడుగున రెండు మూడు వేళ్ళ మందం వదిలేసి, అది అప్పుడప్పుడు వేరేగా తీసి చూడమను. ట్యాంకరు డిప్ లాగా కర్ర పెట్టి కొలుస్తా ఉంటే పొద్దునా మధ్యాహ్నమూ తేడా కనపడతాది, కూలోళ్ళు తీసినారని అనుకోకుండా రెండుసార్లూ పొద్దున్నే కొలవమను.